మా బత్తాయి తోట మోటరుకు వచ్చిన ఫోన్లు

ఆ రోజుల్లో మా ఇలాకాలో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. మా ప్రత్యేక రాష్ట్రం వచ్చాక, కొన్నాళ్లకు, అసలు పోవడమే మానేసింది. వినడానికి శుభవార్తే, నేనూ కాదనను. కానీ ఏళ్ల తరబడి ఒక కష్టానికి అలవాటుపడి, తమ తెలివినంతా దాని చుట్టూ అల్లుకున్న మనుషుల దగ్గర్నుంచి ఆ కష్టాన్ని ఒక్కసారిగా లాగేసుకుంటే వాళ్లు ఎంత తికమక పడతారో మా ఊరిని చూస్తే తెలిసేది. దాదాపు అదే కాలంలో ఫోనులో మాట్లాడటం కూడా నీళ్లకంటే చవకైపోయింది (మా ఊళ్లో నీళ్లు ఎప్పుడూ చవక కాదనుకోండి). కరెంటు నిండుగా, మాటలు నిండుగా. సర్కారు విడివిడిగా ఇచ్చిన ఈ రెండు వరాలనూ ఒకదానికొకటి ముడిపెట్టిన ఘనురాలిని నేనే. అప్పటికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తి చేసి, నౌకరీ దొరక్క ఇంట్లో కూర్చుని, బాగా పనిచేస్తున్న వస్తువుల్ని కూడా విప్పి చూస్తుండేదాన్ని.

కల్వకుర్తి నుంచి దేవరకొండ వైపు పోయే తోవలో, లోపలికి ఉంటుంది మా ఊరు. వాగు అవతల మాకు బత్తాయి తోట ఉంది. బాపు (నాన్నను మేం అలాగే పిలుస్తాం) ఆ చెట్లను బిందెలతో నీళ్లు మోసి బతికించాడు. ఆ ఏడాదే మొదటిసారి చెట్టు నిండా పిందె పట్టింది. ఆ పిందె నిలబడితే ఇల్లు నిలబడుతుందని అమ్మ రోజూ దేవుడికి గుర్తు చేస్తుండేది. చిక్కల్లా బోరుతోనే. అది అరగంట పోసి అలసిపోయే బోరు. కాసేపు ఆపి దమ్ము తీసుకోనిస్తే మళ్లీ పోసేది, ఆపకుండా నడిపిస్తే బురద కక్కేది. ఇంకా నడిపిస్తే మోటరు కాలిపోతుంది. మోటరు పైకి లాగి బాగు చేయించేలోపు పిందె అంతా నేల మీద ఉంటుంది. పాత రోజుల్లో ఈ దమ్ము సంగతి మేము చూసుకోనక్కర్లేకపోయింది. కరెంటే వచ్చిపోతూ ఉండేది కాబట్టి బోరు విశ్రాంతి బాధ్యత కరెంటోళ్లదే. అందుకే ఊళ్లో అందరూ మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటరు తనంతట తానే లేచేది, పోగానే పడుకునేది. మనిషి బాయికాడికి పోనక్కర్లేదు (మా వైపు బావి లేకపోయినా పొలానికి పోవడాన్ని 'బాయికాడికి పోవుడు' అనే అంటారు).

ఇక కరెంటు పోవడం మానేశాక, లేచిన మోటరు మళ్లీ పడుకునే ప్రసక్తి లేదు. ఊళ్లోని మోటార్లన్నీ పగలనక రాత్రనక తోడుతూనే ఉన్నాయి. భూమిలో నీళ్లు అడుక్కు పోతున్నాయని పైవాళ్లకు ఫికర్ పట్టుకుంది. ఒకరోజు పొద్దున పంచాయతీ మైకులో చాటింపు వచ్చింది: "ఎవల బాయికాడనన్న ఆటో ఉంటే రేపటిలోగ తీసెయ్యాలె. లేకుంటే కేసయితది!" వినగానే మా మేనమామ పరుగెత్తుకొచ్చాడు. ఆయన కల్వకుర్తికి ఆటో నడుపుతాడు, ఊరంతా ఆటో మామ అంటారు. ఇంటి ముందు జాగా లేక ఆ ఆటోను మా బాయికాడే నిలుపుకొనేవాడు.

"బావా, నా ఆటో ఏం పాపం జేసింది బావా? డీజిల్ పోసుకొని నడుపుకునేటోన్ని. నా తోని కరెంటుకేం నష్టం?"

"నాకేం దెల్సురా? మైకుల జెప్పినోన్ని అడుగు" అన్నాడు బాపు. మామ ఎవరినీ అడగలేదు. ఆటోను అత్తగారి ఊరికి తోలుకుపోయి గడ్డివాము చాటున దాచి వచ్చాడు. మర్నాడు లైన్‌మెన్ వచ్చి "గా ఆటో గాదే నాయినా, మోటరుకున్న ఆటో" అని తల పట్టుకునేదాకా మా ఊరి జనం కల్వకుర్తికి నడిచిపోయారు.

ఆ లైన్‌మెన్ పరిస్థితీ మాకంటే మెరుగ్గా ఏమీ లేదు. ఆటోలు తీసేయడానికి మనసు రాని పెద్దమనుషులు నలుగురూ కూడి ఆయన దగ్గరికే పోయారు. "సారూ, ఎన్కటి లెక్క జర కరెంటు కట్ చెయ్యుండ్రి. మా బోర్లు దమ్ము దీస్కుంటయి" అన్నారు. ఆయన స్తంభం దిగి చేతి తొడుగులు కింద పడేశాడు. "ఇన్నేండ్లు కరెంటిస్తలేనని నన్ను గీ స్తంభానికే కట్టేస్తమంటిరి. ఇప్పుడిస్తుంటే వద్దంటున్నరు. నేనేం జేస్తే మీకు నిమ్మళమైతదో మీరే మాట్లాడుకొని జెప్పుండ్రి" అన్నాడు. వాళ్లు మాట్లాడుకున్నారు, తేలలేదు. చివరికి ఒక్కొక్కరే ఆటోలు తీసేశారు. మేమూ తీసేశాం.

అలా తీసేసరికి, బోరుకు దమ్ము ఇచ్చే పని బాపు మోకాళ్ల మీద పడింది. అప్పటికే అవి నొప్పులతో ఉన్నాయి. వాగు దాటి పోయి మోటరు వేయాలి, అరగంటకు ఆపాలి, ఇంటికి రావాలి, మళ్లీ పోవాలి. ఆయన కుంటుకుంటూ వస్తుంటే చూడలేక, నా చదువుకు ఇన్నాళ్లకు ఒక పని దొరికిందన్న సంతోషం కూడా ఆపుకోలేక, "ఫోను స్టార్టర్ పెడదాం బాపూ" అన్నాను. ఒక డబ్బా, లోపల ఒక సిమ్ము. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు ఒక రింగు ఇస్తే మోటరు నడుస్తుంది, మరో రింగు ఇస్తే ఆగుతుంది. మంచి కంపెనీ డబ్బా అయితే ఇంటివాళ్ల నంబర్లకే పలుకుతుందట. నేను సగం ధరకు తెచ్చింది మాత్రం ఎవరు పిలిచినా పలికే కలుపుగోలు రకం. సిమ్ము ఆటో మామ ఇచ్చాడు. ఆయన కొత్తగా ఉచిత మాటల సిమ్ము తీసుకుని, పాతది పక్కన పడేశాడు. "నంబరు పాతదైతేంది పిల్లా, పనికొస్తది" అన్నాడు. పనికొచ్చింది, పాపం.

డబ్బా బిగించిన రోజు మా అవ్వ నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"ఫోను జేస్తే మోటరు ఎత్తుతదా?"

"ఎత్తుతది అవ్వా."

"ఎత్తి హలో అంటదా?"

"అనదు."

"మరి అది నిజంగ నడుస్తుందో లేదో నీకెట్ల ఎరుక?"

మూడేళ్ల డిప్లొమాలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బాపుకు కూడా అదే సందేహం వచ్చినట్టుంది. ఫోను చెవికి ఆనించుకుని, గొంతు సవరించుకుని, "ఆ... నేనే. జర పొయ్యి" అని మర్యాదగా మోటరుతో చెప్పి, "ఉంట మరి" అని పెట్టేసి, కర్ర అందుకుని అది నిజంగా నడుస్తుందో లేదో చూడటానికి వాగు దాటి పోయేవాడు. ఆ విధంగా ఆయనకు నడక ఏమీ తగ్గలేదు. పైగా ఫోను చేసే పని ఒకటి ఎక్కువైంది.

అలా చూడటానికి పోయినప్పుడే అసలు వింత బయటపడింది. ఆపి వచ్చిన మోటరు నడుస్తూ ఉండేది. వేసి వచ్చిన మోటరు ఆగి ఉండేది. ఒక్కోసారి బాపు గట్టు మీద నిలబడి చూస్తుండగానే దాని చిత్తం వచ్చినట్టు లేచేది, పడుకునేది. వారం వారం అంగడి జరిగే రోజున మరీ పిచ్చి పట్టినట్టు చేసేది. అవ్వ దిష్టి అంది. లైన్‌మెన్ "ఓల్టేజి ఎక్కువైతే గట్లనే జేస్తది" అన్నాడు (తక్కువైనప్పుడు కూడా ఆయన అదే మాట అనేవాడు). నేను మాత్రం సిగ్నళ్లు గాలిలో ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయని తేల్చి, నేల మీద సుద్దతో బొమ్మ గీసి మరీ వివరించాను. బాపు శ్రద్ధగా విన్నాడు. "సమజైందా బాపూ?" అంటే, "నీకైతే సమజైంది గదా బిడ్డా, సాలు" అన్నాడు. నాకు అయితే కదా.

ఈలోగా బోరు బురద కక్కడం మొదలుపెట్టింది. ఒకరోజు పోయి చూసేసరికి మోటరు వట్టిగాలి తోడుతూ ఉందట, పైపు మీద చెయ్యి పెడితే కాలిందట. ఆ సాయంత్రం బాపు తువ్వాలు కొంగు విప్పి అరుగు మీద గుమ్మరించాడు. గోలీకాయలంత పచ్చి పిందెలు. అమ్మ ఒక పిందె చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. అంతవరకూ నాకు ఇదంతా ఒక సరదా లెక్కలా ఉండింది. ఆ పిందెలు చూశాక మాత్రం నిజంగా భయం వేసింది. ఆయన బిందెలతో పెంచిన చెట్లను నా సగం ధర డబ్బాతో నేనే చంపేస్తున్నానేమో అనిపించి అన్నం సహించలేదు.

అంగడి మర్నాడు ఆటో మామ మా ఇంటి ముందు ఆటో ఆపి, వస్తూనే తువ్వాలు అరుగు మీద విసిరాడు.

"అక్కా, నా గిరాకంత యాడవోయిందో ఏమో! నడిమింటామె నడిబజార్ల నిలవెట్టి తిట్టింది. ఎన్నిసార్లు జేసిన ఎత్తవేందిరా, పైసలెక్కువైనయా అని. నా ఫోను మోగితె గద నేనెత్తేది?"

"కొత్త నంబరు చెప్పలేదా మామా?" అన్నాను.

"ఎక్కినోళ్లందరికి జెప్పిన. ఎక్కనోళ్లకెట్ల జెప్పాలె? ఆల్లు ఎన్కాల రాసింది జూసి జేస్తరు."

నేను లేచి ఆటో వెనక్కి పోయాను. రెండు పక్కలా గులాబీ పూలు, నడుమ పసుపు రంగులో పెద్ద పెద్ద అంకెలు. అనుమానం తీర్చుకుందామని ఆ అంకెలు నా ఫోనులో ఒక్కొక్కటే నొక్కాను. తెర మీద పేరు వచ్చింది: మన మోటరు. నేను కట్ చేసేలోపే అవతల ఒక రింగు పోయింది. నా వెనకే వచ్చిన బాపు నా ముఖం చూశాడు, ఆటో వెనక చూశాడు, కర్ర తీసుకుని వాగు వైపు బయల్దేరాడు.

అంటే జరిగింది ఇదీ. కల్వకుర్తికి పోవాల్సిన వాళ్లు, దవాఖానకు పోవాల్సిన వాళ్లు, అంగడికి గంపలతో బయల్దేరిన వాళ్లు అందరూ ఆటో కోసం చేసిన ఫోన్లు మా బత్తాయి చెట్లకు నీళ్లు పెట్టాయి, లేదా పెడుతున్న నీళ్లు ఆపాయి. సర్కారు మాట విని ఆటో తీసేసి, దాని జాగాలో ఆటో సిమ్ము పెట్టుకున్నాం. మామ ఆ సిమ్ము ఊడబెరికి తన ఫోనులో వేసుకుంటే మెసేజులు వాన కురిసినట్టు కురిశాయి. సగం తిట్లు. మిగతావి ఫోను కంపెనీవి: ఆధార్‌తో జోడించకపోతే ఈ నంబరు బందు అవుతుందని, వెంటనే వేలిముద్ర వేయమని. పాపం, అవన్నీ అంతకాలంగా మా మోటరుకే చెబుతున్నారు.

సరే, మోటరుకు సొంతంగా ఒక సిమ్ము తీసుకుందామని బాపును కల్వకుర్తికి తీసుకుపోయాను (ఆటో మామ ఆటోలోనే). దుకాణంలో చిన్న మిషను మీద వేలు పెట్టమన్నారు. బాపు వేలు పడలేదు. తుడిచి పెట్టాడు, తడిపి పెట్టాడు, దుకాణం అతను తన తలనూనె రాసి కూడా పెట్టించాడు. మన్ను పిసికి పిసికి గీతలు అరిగిపోయిన వేళ్లు అవి.

"నేను బతికే ఉన్న గదనె?" అన్నాడు బాపు.

"నువ్వు బతికున్నవని నాకెరికె పెద్దయ్యా. మిషినుకే ఎరికలేదు" అన్నాడు దుకాణం అతను.

ఇంటికొచ్చి అమ్మ పేరు మీద తీసుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. "మోటరు ఎవలెవలతోనో మాట్లాడితే రేపు పోలీసులు నన్నడుగుతరు" అంది. నా పేరు మీద తీసుకుంటానన్నాను. బాపు "వద్దు తియ్ బిడ్డా, కాళ్లున్నయి గదా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. మళ్లీ వాగు దాటడం, చేత్తో మోటరు వేయడం, పక్కనే కూర్చుని అరగంట చూడటం, ఆపడం. చాలాకాలం అట్లాగే నడిచాడు. రాలిన పిందె రాలింది, మిగిలింది మాత్రం నిలబడింది. కాయ ఎదిగి రంగు తిరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను స్క్రూడ్రైవర్ తీసుకుని బాయికాడికి పోయాను, ఆ డబ్బా నా కళ్ల ముందు లేకుండా ఊడదీద్దామని. గట్టు మీద కూర్చున్న బాపు చూసి "ఉండనీ" అన్నాడు.

"పనిచెయ్యదు గదా బాపూ. ఎందుకిది?"

ఆయన నీళ్లు పోయే కాలువ గట్టు తెగిన చోట చేత్తో మన్ను అడ్డం వేశాడు. "నిన్ను హాస్టల్ల ఉంచి సదివిస్తుంటే ఆడివిల్లకు గీ మిషిన్ల సదువెందుకని ఊరంత అడిగిండ్రు. నువ్వేం సదివినవో నాకు సమజ్ గాలె బిడ్డా. గీ డబ్బ సూస్తే జర సమజైనట్టు అనిపిస్తది. ఉండనీ" అన్నాడు. నేను స్క్రూడ్రైవర్ వెనక దాచుకుని ఏడ్చేశాను, కాలువలో ముఖం కడుక్కుంటున్నట్టు నటించి.

ఇప్పుడు నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. కూర్చున్న చోటునుంచే ఎక్కడెక్కడి మోటార్లో నడిపిస్తాను, ఆపుతాను. నా కింద పనిచేసే పిల్లలు నేల మీద బొమ్మలు గీసి వివరించబోతే మధ్యలోనే ఆపేస్తాను. సెలవుకు ఊరికి పోయినప్పుడు బేరానికి వచ్చిన వ్యాపారులో, దారిన పోయే చుట్టాలో తోటలో ఉంటారు. బాపు వాళ్లకు చెట్లు చూపించడం అయ్యాక బోరు దగ్గరికి తీసుకుపోయి, వెలిసిపోయిన ఆ డబ్బాను తువ్వాలుతో ఒకసారి తుడిచి, "మా బిడ్డ పెట్టింది. ఫోను జేస్తే మోటరు నడుస్తది" అంటాడు. లోపల సిమ్ము లేదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మంచిగ పనిజేస్తదా?" అని. ఆ పాత డిప్లొమా పిల్ల గుర్తొచ్చి నవ్వు ఆగక, బత్తాయి వలుస్తున్నట్టు నేను తల వంచుకుంటాను.

"గది వేరే ముచ్చట" అంటాడు బాపు.