తీసేసిన మూడు కార్డులు

మా చిన్నాన్న పోయారని మంగళవారం పొద్దున న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి కబురొచ్చింది. నేను చేరేసరికి దహనం అయిపోయింది. ఆయన పనిచేసిన కంప్యూటర్ కేంద్రం నుంచి ఎవరూ రాలేదు.

రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్ కొడుకాయన. ఆ కేంద్రంలో కంపైలర్ మీద పనిచేశారు. మనం రాసిన సూత్రాలను యంత్రానికి పనికొచ్చే ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామది. అందులో ఏ ఫంక్షన్‌కు, అంటే ఒక్కో రకం లెక్క చేసిపెట్టే భాగానికి, పని అప్పజెప్పినా, అది జవాబును ముందు తన దగ్గర తయారుచేసి, తర్వాత అడిగిన చోటికి నకలు చేసేది. చిన్నాన్న ఆ నకలు తప్పించారు. జవాబు చేరాల్సిన చోటు ముందే చెప్పేస్తే, ఫంక్షన్ నేరుగా అక్కడే రాస్తుంది.

నాకర్థమయ్యేలా చెప్పమంటే నవ్వారు.

"సరుకు ప్లాట్‌ఫారం మీద దించి మళ్లీ ఎత్తడం ఏటికిరా? తిన్నగా వేగన్లోకే ఎక్కించాల. కానీ ముందు వేగన్లోకి తొంగి సూడాల. ఇంకా వాడాల్సిన సరుకు అందులోనే ఉంటే?"

చిక్కు అదే. ఫంక్షన్‌కు ఇచ్చిన సంఖ్య ఉన్న చోటికే జవాబూ చేరాల్సి ఉంటే, సగం రాసేసరికి అసలు సంఖ్య చెరిగిపోతుంది. అలాంటప్పుడు పాత పద్ధతిలో నకలే చేయమని ఆయనొక తనిఖీ పెట్టారు. ఆ తనిఖీ మొత్తం మూడు పంచ్ కార్డులు, ఆదేశాలను రంధ్రాలుగా పొడిచిన అట్టముక్కలు.

ఇంట్లోనూ అంతే. టీ పోసేముందు గ్లాసులోకి తొంగి చూసేవారు. "ఇక్కడ కూడా డ్యూటీయేనా!" అని పిన్ని ఎత్తిపొడిచేది.

యంత్రం వేగం అతిథులకు చూపించాల్సి వచ్చినప్పుడు, బెంగాలీవాడైన పై అధికారి "దాదా, ఈ మూడు కార్డులతో టైము పోతోంది, తీసేయండి" అన్నాడు. చిన్నాన్న వద్దని కాగితం రాసిచ్చారు. అయినా తీయించారు. ప్రదర్శన బాగా జరిగింది. ఆ వార్త మా పత్రికలో నేనే రాశాను.

తర్వాత, ఆ తనిఖీ లేకపోవడం వల్లే, ఒక వంతెన లెక్క తప్పొచ్చింది. కట్టకముందే దొరికింది. తప్పు చిన్నాన్న మీద వేసి, ఆయన్ని కార్డుల గోడౌనుకు మార్చారు. అధికారి చెప్పింది చెప్పినట్టు రాశాను. చిన్నాన్నను అడగలేదు.

కార్డులు తీయొద్దని రాసిచ్చిన కాగితం ప్రతి పట్టుకుని ఆయన, అప్పట్లో ఆ ఊళ్లోనే మలంచాలో ఉన్న నా గదికొచ్చారు. తేదీ ప్రదర్శనకు ముందుదే.

"తప్పు నాది కాదని రాయరా. ఇంకేటీ వద్దు."

రాస్తానన్నాను. ఆ అధికారి నాకు వార్తలిచ్చే మనిషి. రాయలేదు. చిన్నాన్న మళ్లీ అడగలేదు. గోడౌన్లోనే రిటైరయ్యారు. తప్పు ఆయనది కాదు. ఈ మాట ఆయన చదవలేని రోజున రాస్తున్నాను.

ఆ మంగళవారం పిన్ని అలమరలోంచి ఆ మూడు కార్డులూ తీసింది.

"ఏటి బాబూ ఇవి? మీ సిన్నాన్న ఇన్నేళ్లూ పారెయ్యనీలేదు."

"ఆయన తప్పు చెయ్యలేదని సాక్ష్యం, పిన్నీ."

"మరి ఎవులికీ సూపించలేదేటి?"

ఆమె గ్లాసులోకి తొంగి చూసి టీ పోసింది. ఈగలు ముసురుతుంటే ఒక కార్డు గ్లాసు మీద మూతగా పెట్టి, నా ముందుకు జరిపింది. దాని రంధ్రాల్లోంచి ఆవిరి సన్నగా పైకొస్తోంది.