సూరమ్మ టీచరు నడిచిన లెక్క

నిన్న మధ్యాహ్నం విజయనగరంలో మా ఇంటి వరండా తడిగుడ్డతో తుడుస్తుంటే, నా కూతురు గచ్చు మీద సుద్దతో రాసి వదిలేసిన లెక్క అడ్డొచ్చింది. ఒక మూల తుడిచానో లేదో, తడిసిన సిమెంటూ సుద్దా కలిసిన ఆ పాత వాసన గుప్పుమంది. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. సూరమ్మ టీచరు పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

రాజాంలో మా వీధి చివరిల్లు ఆవిడది. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఎడమ మోకాలు అరిగిపోయి గోడ పట్టుకుని నడిచేవారు. నేనప్పుడు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాను. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాని బట్టల కొట్లో పనికి వెళ్లాల్సిందేనని నాన్న తేల్చేశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని టీచరు దగ్గరికి లాక్కెళ్లింది.

ఆవిడ ఇంట్లో బోర్డు లేదు. వరండా అంతా గళ్ల గచ్చు. గడికొక మెట్టు చొప్పున సుద్దతో రాయాలి. రాశాక ఆవిడ చెప్పులు విప్పి, మొదటి గడి నుంచి జవాబు దాకా నడిచేవారు. నేను ఓ మెట్టు మనసులోనే చేసేసి మింగేశానా, అక్కడే ఆగిపోయేవారు.

"ఇక్కడ్నించి అక్కడికి నన్నెలా గెంతమంటావే? నా మోకాలు సూసేవా?"

నాకు ఒళ్లు మండేది. "జవాబొచ్చీసింది కదండీ!" అనేదాన్ని.

"వచ్చింది సరే. ఏ దారంట వచ్చినాదో సెప్పు."

ఒకరోజు x² = 5x ఇచ్చారు. రెండు పక్కలా ఒక్కో x కొట్టేసి, x = 5 అని దర్జాగా రాశాను. ఆవిడ ఒక్కడుగు వేసి ఆగిపోయారు.

"ఏటే, xని కొట్టీసేవు? అది సున్నా అయితేనో?"

"సున్నా అంటే ఏమీ లేనట్టే కదండీ."

"ఏమీ లేనట్టా! పెట్టి సూడు. రెండు పక్కలా సరిపోతాది. నిక్షేపంలాంటి జవాబుని పారీసేవు కదే!"

అన్నీ ఒక పక్కకి తెచ్చి x(x − 5) = 0 అని రాయించి, రెండు జవాబుల దాకా రెండుసార్లు నడిచి చూపించారు, ఆ మోకాలితోనే.

పరీక్షలో x³ − 6x²కి స్థానిక గరిష్ఠ విలువ కనుక్కోమన్నారు. అవకలనం చేసి 3x² − 12x = 0 అని రాశాను. అలవాటు ఎక్కడికి పోతుంది, మళ్లీ xని కొట్టేశాను. x = 4 వచ్చింది. పరీక్షించి చూస్తే అది కనిష్ఠం! బట్టల కొట్టు కళ్లముందు తిరిగింది. ఏమీ తోచక ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి వచ్చాను. కొట్టేసిన x దగ్గర వేలు ఆగిపోయింది. గరిష్ఠం ఆ సున్నా దగ్గరే ఉంది.

పాసుమార్కుల మీద రెండే ఎక్కువొచ్చాయి. పరుగున వెళ్లి పాసయ్యాననీ, పరీక్షలో ఆ సున్నా సంగతీ చెబితే ఆవిడ మార్కులడగలేదు. "ఆ లెక్క రాయవే" అన్నారు. రాశాను. నా భుజం మీద చెయ్యేసి చివరి గడి దాకా నడిచారు. కళ్లు తుడుచుకుంటూ, "ఎక్కడా ఆపలేదే పిల్లా" అన్నారు. నేనూ ఏడ్చేశాను.

టీచరు పోయి నాలుగేళ్లయింది. నేనిప్పుడు ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. రిపోర్టుని మొదటి నుంచి చూడందే సంతకం పెట్టనని తోటివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నిన్న గుడ్డ పక్కన పడేసి, చెప్పులు విప్పి, నా కూతురి లెక్క మీద నడిచాను. మూడో వరుస దగ్గర ఒక మెట్టు లేదు. ఆగాను.

"ఆగిపోయేవేటమ్మా? గెంతీ!" అంది అది.

నా మోకాళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అయినా గెంతలేదు.