తట్టకూడని తలుపు

మా ఇంటికి రెండు వాకిళ్ళు. వీధి వాకిలి మగవాళ్ళది, పెరటి గోడలో ఉన్న దిడ్డి ఆడవాళ్ళది. ఎవరూ కూర్చుని పంచిపెట్టింది కాదు, అలా జరిగిపోయేది. నెల్లూరు పాత ఊళ్ళో మా సందులోని ఇళ్ళు వెనక వీధి ఇళ్ళకు వీపు ఆనించుకుని ఉండేవి. మా పెరటి గోడే వెనకింటి వాళ్ళకూ పెరటి గోడ. ఆ గోడలో, పెద్దవాళ్ళు నడుం వంచి దూరాల్సినంత చిన్న తలుపు. వీధి వైపు నుంచి ఆ ఇంటికి వెళ్ళాలంటే బజారంతా చుట్టి రావాలి, బురఖా వేసుకోవాలి, తోడుకి ఎవరో ఒక మగమనిషి ఉండాలి. దిడ్డిలోంచి అయితే చేతిలో గరిటె చేతిలో ఉండగానే వెళ్ళి రావచ్చు. పెళ్ళయి మా ఇంట అడుగుపెట్టిన అమ్మకు నెల్లూరంటే ఆ దిడ్డి అవతలి ఇల్లే. మిగతా ఊరంతా నాన్న చెప్పగా విన్నదే.

మా నాన్న రేకు పెట్టెలు చేసేవాడు. ముందు వసారాలోనే పని. పొద్దస్తమానం రేకు మీద సుత్తి చప్పుడు వినీ వినీ మేమందరం కొంచెం గట్టిగానే మాట్లాడతాం, ఇప్పటికీ. వెనకింటి వాళ్ళు అల్లూరు వైపు రైతులు. ఆయన పొలం పనులకు అటూ ఇటూ తిరిగేవాడు, ఆమె పిల్లల చదువుల కోసం టౌనులో కాపురం పెట్టింది. అమ్మ ఆమెను అక్కా అనేది, మేం పెద్దమ్మా అనేవాళ్ళం. సాయిబుల ఇంటి పిల్లలు అలా పిలవడం ఏమిటని ఆ వీధిలో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

చేపల గంపలు మా సందులోకి వచ్చేవి. పెరుగమ్మే మనిషి వాళ్ళ వీధిలోకి వచ్చేది. కాబట్టి రెండిళ్ళకూ చేపలు బేరమాడటం అమ్మ పని, రెండిళ్ళకూ పెరుగు పోయించుకోవడం పెద్దమ్మ పని. మొప్పలు ఎత్తి చూడకుండా అమ్మ చేపను ముట్టుకునేది కాదు. పెరుగు రుచి చూడకుండా పెద్దమ్మ చెంబు చాచేది కాదు. చేపలు ఇటు నుంచి అటు, పెరుగు అటు నుంచి ఇటు. వాటి వెంట తలనొప్పి మందులు, పసిపిల్లల బట్టలు, అత్తల మీద చాడీలు, రంజాను సేమ్యాలు, శ్రావణ శుక్రవారం శనగలు. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది పెద్దమ్మ ఇంటి ఉయ్యాల బల్ల. బడి నుంచి రాగానే సంచి పడేసి దిడ్డిలోంచి దూరిపోయేదాన్ని.

ఆ తలుపుకి ఒక పద్ధతి ఉండేది. మా వైపు ఒక గడియ, వాళ్ళ వైపు ఒక గడియ. పొద్దున్నే ఎవరి గడియ వాళ్ళు తీసుకోవాలి. రెండూ తీస్తేనే దారి. ఒకవైపు వేసి ఉందంటే ఏదో కారణం ఉన్నట్టు. ఇంటి నిండా మగ చుట్టాలు ఉండొచ్చు, ఏదైనా పూజ ఉండొచ్చు, అలకైనా కావచ్చు. అడగకూడదు. తోసి చూడాలి, రాకపోతే వెనక్కి వచ్చెయ్యాలి. తట్టకూడదు, గోడ మీంచి కేక వెయ్యకూడదు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ళ అత్తగారు ఇది నేర్పిందట. "తట్టినామంటే తెరిచి తీరాలని గొంతు మీద కూర్చున్నట్టు" అనేదట ఆమె. చక్కని మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాద మా అమ్మను ఎంత ఏడిపించిందో తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవైలు మొదలైన కొత్తలో ఒక ఎండాకాలం, పాత తలుపు చెదలు తినేసిందని వడ్రంగి చేత కొత్తది చేయించారు. పాతదానికి నిలువునా పగుళ్ళు ఉండేవి, అటు ఎవరు తిరుగుతున్నారో కనిపించేది. కొత్తదానికి సందన్నదే లేదు. బాగా బిగువుగా కుదిరిందని అమ్మా పెద్దమ్మా ఇద్దరూ మెచ్చుకున్నారు.

ఆ కార్తీకంలో మా మేకపోతు ఘనకార్యం చేసింది. తాడు తెంపుకుని దిడ్డిలోంచి దూరి పెద్దమ్మ పెరట్లో తులసిని మొదలంటా మేసేసింది. మామూలు రోజుల్లో అయితే ఏమయ్యేదో గానీ, అది కార్తీకమాసం, పొద్దున్నే ఆమె అక్కడ దీపం పెట్టి ఉంది. పెద్దమ్మ దాని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి మా పెరట్లోకి తోసింది.

"ఊళ్ళో ఇంకేం దొరకలేదా నీ మేకకి? నా తులసే కావాల్సొచ్చిందా?" అంది.

మేక మూతి నిండా తులసి ఆకులే. నోట్లో ఇంకా ఒక కొమ్మ ఆడుతోంది. అది చూసి అమ్మకు నవ్వు ఆగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. పెద్దమ్మ అది చూసి, దిడ్డిలోంచి వంగి వెళ్ళిపోయింది.

"తప్పయిపోయిందక్కా అని చెప్పాల్సింది. రేపు చెప్తాలే" అంది అమ్మ నాతో.

ఆ సాయంత్రమే గాలివాన మొదలైంది. సముద్రం మీది నుంచి గాలి వచ్చిందంటే మా ఊళ్ళో అన్ని తలుపులూ బిడాయించుకోవడమే. ముసురు పట్టి రోజుల తరబడి వదల్లేదు. పెరట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. తెరిపి ఇచ్చాక అమ్మ చేసిన మొదటి పని, బురదలో పడుతూ లేస్తూ వెళ్ళి దిడ్డి గడియ తీసి తోయడం. తలుపు కదల్లేదు. రెండు చేతులూ పెట్టి తోసింది. కదల్లేదు.

"అక్క గడి ఏసుకుంది" అని, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చేసింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొదట్లో అమ్మకు బాధ. తర్వాత ఉక్రోషం. "ఒక మొక్క గదా, నేనేమన్నా పనిగట్టుకోని మేపినానా? ఇన్నేళ్ళ మనిషిని, ఒక్క నవ్వుకి గడి ఏసేసుకుంటదా?" అనేది కూర తరుగుతూ. ఎవరితోనని అడిగితే ఎవరితోనూ కాదు. నేను వీధి తిరిగి వెళ్ళి పెద్దమ్మను అడిగి వస్తానన్నాను. "రావొద్దని తలుపేసుకున్న ఇంటికి పోతే కాళ్ళిరగ్గొడతా" అంది. మా అమ్మ కాళ్ళు విరగ్గొట్టే మనిషి కాదు గానీ, ఆ మాట అన్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అందుకే వెళ్ళలేదు. ఉయ్యాల బల్లకు దూరమయ్యానని నా ఏడుపు నేను ఏడ్చాను.

మా ఇంట్లో పెరుగు లేకుండా పోయింది. నాన్న పళ్ళెం ముందు కూర్చుని, "పెరుగేదీ?" అనేవాడు. "దిడ్డి మూసుండాది" అనేది అమ్మ. ఆ జవాబుతో ఆయన మజ్జిగ లేకుండానే లేచి పోయేవాడు. నాన్నా, పెద్దమ్మ భర్తా టీ కొట్టు దగ్గర రోజూ కలుస్తూనే ఉన్నారు. వానల గురించి, రేకు ధర గురించి, నారుమళ్ళ గురించి మాట్లాడుకున్నారట. ఆడవాళ్ళ అలకల్లో వేలు పెట్టడం ఎందుకని ఇద్దరూ ఆ ఊసే ఎత్తలేదు. మగవాళ్ళ మర్యాద అది. ఆ ఇంట్లో, ఈ ఇంట్లో మర్యాదకు మాత్రం కొదవ లేదు.

ఒకరోజు నాన్నే కబురు తెచ్చాడు. పెద్దమ్మ మామగారు పోయారు, పొలాలు చూసుకునే దిక్కు లేదు, ఇల్లు అమ్మేసి అందరూ అల్లూరు వెళ్ళిపోతున్నారు. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ విని, "పోతే పోనీ" అంది. కానీ వాళ్ళు సామాను బండ్లకెత్తిన పొద్దున మాత్రం పొయ్యి వెలిగించలేదు. దిడ్డి పక్కన పీట వేసుకుని కూర్చుంది. పోయే ముందైనా తెరుస్తుందిలే అని ఆమె ఆశ. అవతల మంచాలు ఈడ్చిన చప్పుడు, బిందెల చప్పుడు, ఎద్దుల గంటలు అన్నీ వినపడ్డాయి. తర్వాత ఏమీ వినపడలేదు. అమ్మ పీట తీసి లోపల పెట్టింది.

ఆ ఇల్లు కొన్నాయన బియ్యం వ్యాపారి. గిడ్డంగి చేసుకుంటాడట. దిడ్డి ఎందుకూ, పూడ్పించేస్తానని నాన్నకు చెప్పి, వారం తిరక్కుండానే తాపీ మేస్త్రీని పంపాడు. నేల ఇంకా చిత్తడిగానే ఉంది. మేస్త్రీ మా వైపు నుంచే పని మొదలుపెట్టాడు. తలుపు తోశాడు, తన్నాడు, చివరికి గడ్డపార పెట్టి పెకలించాడు. పై చట్రం దగ్గర కరకరమని చప్పుడు చేస్తూ తలుపు ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది.

"అవతల గడి ఏసుంటదే, అది ఇరక్కుండా ఎట్టొచ్చింది?" అన్నాడు నాన్న.

"గడి యాడుందన్నా? తీసే ఉండాది చూడు. పచ్చికొయ్య గదా, వానకు ఉబ్బి బిగదీసుకుపోయింది. అంతే" అని మేస్త్రీ తలుపును గోడకు ఆనించి, ఇటుకలు తేవడానికి వెళ్ళాడు.

అమ్మ వచ్చి చూసింది. అవతలి గడియ వెనక్కి లాగి ఉంది. మాది కూడా తీసే ఉంది. అంటే ఇటు నుంచి అమ్మ గడియ తీసి తోస్తే రాలేదు, అటు నుంచి పెద్దమ్మ గడియ తీసి లాగితే రాలేదు. గడియ వేసుకున్నది నువ్వంటే నువ్వని ఇద్దరూ అనుకున్నారు. ఒక్కరు, ఒక్కసారి, వేలి కణుపుతో తట్టి ఉంటే సరిపోయేది. అమ్మ అక్కడే బురదలో చతికిలబడి, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. నాన్న ఏం చెయ్యాలో తెలియక సుత్తి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఏడుపు అయ్యాక అమ్మ లేచి మొహం కడుక్కుంది. "నన్ను అల్లూరు తీసకపోండి" అంది నాన్నతో. వానలు పూర్తిగా తగ్గనీ అన్నాడు ఆయన. "మీరు రాకపోతే పిల్లని తీసుకోని నేనే పోతా" అంది. పుట్టింటికి తప్ప ఎక్కడికీ బస్సెక్కని మనిషి. నాన్నకు చెయ్యాల్సిన పెట్టెలు ఉన్నాయి. మర్నాడు మమ్మల్నిద్దర్నీ అల్లూరు బస్సెక్కించి, దించే చోటు గురించి కండక్టరుకి ఒకటికి పదిసార్లు చెప్పాడు. అమ్మ ఒళ్ళో మూత బిగువుగా పట్టే రేకు డబ్బా, దాని నిండా వంజరం చేపల పులుసు. బస్సంతా ఆ వాసనే.

పెద్దమ్మ ఇంటి ముందు, వానకు తడిసిన వడ్లు ఎండబోస్తోంది. బురఖాలో ఉన్న మనిషిని మొదట పోల్చుకోలేదు. నన్ను చూసి పోల్చుకుంది. లేచి నిలబడింది గానీ ముందుకు రాలేదు.

"ఇప్పుడు తెలిసిందా దారి?" అంది.

"అక్కా, నేను గడి ఎయ్యలే."

"మరి నేనేసినానా?"

"నువ్వూ ఎయ్యలే. తలుపు ఉబ్బి పట్టుకోనుండాది. మేస్త్రీ ఊడబీకినాక చూసినా."

పెద్దమ్మకు ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వడ్ల మధ్యలోనే కూలబడింది. అమ్మ కూడా పక్కన కూర్చుంది. కాసేపటికి పెద్దమ్మ డబ్బా మూత తీసి చూసి, "సముద్రం పక్కనుండే అల్లూరికి చేపలు మోసుకొచ్చినావా, పిచ్చిదానా" అని ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు అమ్మ, దాచుకున్న మాటంతా ఒక్కసారే చెప్పేసింది, నవ్వినందుకు తప్పయిపోయిందని, పోయే రోజు దిడ్డి దగ్గరే కూర్చున్నానని.

"నేను యాడున్నాననుకున్నావు? అవతల నేను కూడా ఆడనే కూర్చోనుండా" అంది పెద్దమ్మ. "ఆ ఒక్కరోజేనా? ఉన్నన్నాళ్ళూ కూర తరిగే పని గోడ పక్కనే పెట్టుకుంటి. నువ్వు పిల్లోళ్ళని తిడతా ఉంటే ఇనపడేది. నీ గొంతు ఇంటే గానీ నాకు పొద్దు పోయేది కాదు మే."

"నువ్వు ఇంటావనే గదక్కా, అంత గట్టిగా తిట్టింది" అంది అమ్మ.

నేను ఉలిక్కిపడి అమ్మ మొహంలోకి చూశాను. మా అమ్మకు నిజంగా కోపం వస్తే ఉర్దూలో తిడుతుంది, అదీ పళ్ళ మధ్య నుంచి. ఆ వానల్లో మాత్రం దిడ్డి దగ్గర నిలబడి, గొంతెత్తి, తెలుగులో తిట్టింది. కాళ్ళు కడుక్కోలేదని, అన్నం వదిలేశానని, బడి నుంచి వచ్చి ఊరికే కూర్చున్నానని. నేనేం చేశానో తెలియక ఎన్నిసార్లు ఏడ్చానో. అందులో ఒక్క తిట్టూ నాది కాదు.