ఆదివారం తొమ్మిది గంటల ఫోను

ఆఫీసులో ఆయన్ని అందరూ ‘వెయ్యికొక్కటి’ అనేవారు. పొగడ్త అనుకునేరు, కాదు. ఇంటర్నెట్ కేబుళ్లలో సెకనుకు లక్షల ప్యాకెట్లు, అంటే సమాచారం ముక్కలు, పరుగెడుతుంటాయి. అన్నింటినీ చూడబోతే యంత్రం చతికిలబడుతుంది. అందుకని వెయ్యింటిలో ఒకదాన్ని పట్టుకుని, దాన్నిబట్టి లైను బాగోగులు చెప్పడం ఆయన ఉద్యోగం.

కొత్తవాళ్లకు మొదటి రోజే క్లాసు పీకేవాడు. "లెక్కపెట్టి సరిగ్గా ప్రతి వెయ్యోదాన్నే తీయకండి. లైన్లో ఏదైనా ఒక వరసలో నడుస్తుంటే, మీరూ అదే వరసలో చూస్తే, ఎప్పుడూ ఒకే ముఖం కనబడుతుంది. చీట్లు తీసినట్టు తీయండి."

దెబ్బ తిని నేర్చుకున్న పాఠమది. ఒకసారి ఒక గిడ్డంగి లైను నిక్షేపంగా ఉందని మూడు నెలలు రాసిచ్చాడు. అక్కడి కెమెరాలు ఒకే వరసలో బొమ్మలు పంపుతూ లైనును ముంచేస్తూనే ఉన్నాయి. లెక్కపెట్టి ప్రతి వెయ్యోదాన్నే తీసిన ఈయనకు మాత్రం వాటి ప్యాకెట్టు ఒక్కటీ చిక్కలేదు.

అంత తెలిసిన పెద్దమనిషి అక్కకు మాత్రం ప్రతి ఆదివారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికే ఫోన్ చేసేవాడు. ఒక్క వారం తప్పలేదని గొప్పలు కూడా పోయేవాడు.

"బాగున్నావా అక్కా?"

"నాకేంరా, గుండ్రాయిలా ఉన్నాను. నువ్వు తిన్నావా?"

వస్తానంటే ఆదివారమే రమ్మనేది. మండుటెండలో కూడా పొడుగు చేతుల బట్టలతో ఎదురొచ్చేది. ఈయనకు అనుమానమే రాలేదు.

అక్క మొన్న వేసవిలో పోయింది. నాలుగేళ్లుగా కిడ్నీలు పనిచేయడం లేదట. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆ పొడుగు చేతులు సూది మచ్చలు దాచడానికట. అందరూ వెళ్లిపోయాక వంటింట్లో బావ చెప్పాడు.

"శనివారమంతా ఎవరితోనూ మాట్లాడేది కాదు. రేపు తమ్ముడు ఫోన్ చేస్తాడు, గొంతు బాగుండాలి అనేది."

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెబితే కిడ్నీ ఇస్తానంటావని భయం. నాచేత ఒట్టేయించుకుంది. నువ్వు ఒక్క బుధవారం చేసుంటే ఫోను నేనెత్తేవాణ్ణి. నాకు అబద్ధమాడ్డం చేతకాదు."

ఇచ్చేవాడే. ఒక్క క్షణం కూడా ఆలోచించేవాడు కాదు. ఎవరిదో గిడ్డంగి లైనుకు చూపించిన బుద్ధి తోడబుట్టినదానికి చూపించలేకపోయానే అని కుమిలిపోయాడు. ఆ కుమిలిపోవడం ఇంకా తీరలేదు.

ఇప్పుడు ఆయన బల్ల మీద ఒక డబ్బా ఉంది. అందులో వారాలూ గంటలూ రాసిన చీటీలు. పోయిన వారం ‘గురువారం, మధ్యాహ్నం మూడు’ వచ్చింది. బావకు ఫోన్ చేశాడు.

"ఏంటి, ఈ వేళప్పుడు?"

"ఊరికే. తిన్నావా బావా?"



"లేదు. నిన్నటినుంచీ ఏమీ తినలేదు."

ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు. రెండు బస్సులు మారాలి. నాలుగేళ్ల కిందట ఒక్క చీటీ తీసి ఉంటే, ఇవే బస్సులెక్కి అక్క దగ్గరికి వెళ్లేవాడు.