బ్యాటరీ గదిలో వెనక వరుస

ఇది ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. యాభై దాటాక మారేడ్‌పల్లిలో ఒక చర్చి హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెబుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. అంతకు ముందు నాకు వచ్చిందల్లా జీతం కోసం నేర్చుకున్న సంతకం. అది కూడా ముగ్గు వేసినట్టు వేసేదాన్ని, అందులో ఏది ఏ అక్షరమో తెలియకుండా. అక్షరాలు వచ్చాక మొదట బస్సుల మీది బోర్డులు చదివాను, తర్వాత పేపరు. రాయడానికి ఇంకా టైము పట్టింది. ఇప్పటికీ నిదానంగానే రాస్తాను.

లాలాగూడ దగ్గర పట్టాల పక్కన రెండంతస్తుల పాత సిగ్నల్ కేబిన్ ఉండేది. ఇప్పుడు లేదు, కూల్చేశారు. పై అంతస్తులో సిగ్నళ్లు మార్చే లీవర్లు, వాటిని లాగే మనుషులు. కింద గదిలో బ్యాటరీలు. ఆ కింద గదిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. నాకంటే ముందు అక్కడ పనిచేసింది మా ఆయన.

ఆయన ఒక పొద్దున డ్యూటీకి బూట్లు వేసుకుంటూ గోడకు ఒరిగిపోయాడు. గుండె అన్నారు. నాకప్పుడు ముప్పై నిండలేదు. బిడ్డ ఒకటో తరగతి. ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఏడ్చానో లేదో గుర్తు లేదు. కూర్చోమంటే కూర్చున్నాను, తినమంటే తిన్నాను. ఎవరు ఏమడిగినా సరే అన్నాను.

దినాలయ్యాక రైల్వే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చాడు. పోయినాయన బదులు ఇంట్లో ఒకరికి నౌకరీ ఇస్తారట. నేను చేస్తానంటే నాకే. చెయ్యలేనంటే, నన్నూ బిడ్డనూ సాకుతాడని చెప్పి మా మరిది పేరు మీద అర్జీ పెట్టొచ్చు, పైవాళ్లు చూస్తారు అన్నాడు. మరిది పది పాసయ్యి కార్ఖానా బస్తీలో ఒక సైకిల్ షాపులో పని చేస్తున్నాడు.

"చిన్నోడే చేస్తడు సార్. దానికి అక్షరం ముక్క రాదు" అంది అత్తమ్మ.

ఇన్‌స్పెక్టర్ నావైపు చూశాడు. సరే అన్నాను.

ఆ సరేకి అర్థమేమిటో పక్క క్వార్టరామె తర్వాత విడమరిచి చెప్పింది. నౌకరీ మరిదికి పోతే క్వార్టరు కూడా అతని పేరు మీదికే మారుతుంది. రేపు అతనికి పెళ్లవుతుంది. నేనూ బిడ్డా ఎక్కడ పడుకోవాలో, ఎప్పుడు తినాలో వచ్చే పిల్ల చెబుతుంది. బిడ్డ ఫీజుకు నేను అతని ముందు చెయ్యి చాపాలి. నాకు అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదల్లేదు. ఎవరిదో సంగతి విన్నట్టు విన్నాను.

మరిది అర్జీ రాయించుకొచ్చాడు. మర్నాడు ఆఫీసులో నేను వేలిముద్ర వేస్తే అయిపోతుంది. ఆ మధ్యాహ్నమే కేబిన్ నుంచి కబురు వచ్చింది, మా ఆయన సామాను అక్కడే ఉంది, తీసుకుపొమ్మని. నేనూ మరిదీ నడిచి వెళ్లాం.

అన్నేళ్ల కాపురంలో నేను ఆ గది లోపల అడుగు పెట్టలేదు. సద్ది తెచ్చినా మెట్ల దగ్గరే ఇచ్చి వచ్చేదాన్ని. ఆ గది నాకు తెలిసింది ఆయన చొక్కాల వల్లనే. బ్యాటరీల్లో యాసిడ్ ఉంటుంది. అది బట్ట మీద చిందితే అప్పటికప్పుడు ఏమీ కనబడదు. ఉతికి పిండినప్పుడు చిల్లులు పడతాయి. ఆయన ప్రతి చొక్కాకూ కుడివైపు, పక్కటెముకల కింద, ఒకే చోట చిల్లులు. ఎందుకలా అని నేను అడగలేదు. అతుకు వేసి ఇచ్చేదాన్ని.

కేబిన్లో పెద్ద మెకానిక్ ఒక సంచి తెచ్చి నా చేతికిచ్చాడు. స్వెట్టరు, టిఫిన్ డబ్బా, దువ్వెన. ఆ తర్వాత మరిదిని గది చూద్దువు రమ్మంటే నేనూ వెంట వెళ్లాను. పుల్లటి వాసన. పొడుగాటి బల్ల మీద గాజు సెల్లులు రెండు వరుసలు, ఒకటి గోడకు ఆనుకుని, ఒకటి దానికి ముందు. పైన ఎవరో లీవరు లాగితే గదంతా అదిరింది. గోడకు అద్దం బిగించిన పటం ఉంది. అద్దం మీద దసరాకు పెట్టిన కుంకుమ ఎండిపోయి ఉంది. దేవుడి పటమనుకుని చెయ్యెత్తబోయాను. చూస్తే అన్నీ గీతలు.

"ఇదేందన్నా?" అని మరిది అడిగాడు.

"కరెంటు పటం. కేబిన్‌కు కరెంటు ఏడికెల్లొస్తది, ఏడికి పోతది, అంతా ఇందుల్నే." మెకానిక్ అద్దం మీద వేలు పెట్టి నడిపించాడు. "ఇగో, స్తంభం కాడికెల్లి చార్జర్‌కు. చార్జర్‌కెల్లి ఈ సెల్లులకు. సెల్లులకెల్లి పైన యంత్రాలకు. బయట కరెంటు పోయిందనుకో, సెల్లులే నడిపిస్తయి. పైనోళ్లకు పోయినట్టు సుత తెల్వది."

"ఎంతసేపు నడిపిస్తయి?"

"నీళ్లు పోస్తే నడిపిస్తయి. మీ అన్న పోయిన కాన్నుంచి ఎవ్వలు సరిగ పొయ్యలే. రేపటికెల్లి నీ పనే గదా తమ్మీ, జెర ఆ జగ్గు పట్టు."

మరిది తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. "కొత్తదన్నా. నౌకరీ రానియ్యి, చూద్దాం."

"ఆఫీసర్ నౌకరీ అనుకున్నవా ఏంది? ఖలాసీవి. ఫస్టు ప్యాంటే పోతది" అని మెకానిక్ నవ్వాడు.

జగ్గు నేను తీసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. మెకానిక్ మొదటి సెల్లు మూత తీసి, నీళ్లు ఏ గీత దాకా రావాలో చూపించాడు. ముందు వరుస తొందరగానే అయిపోయింది. వెనక వరుసకు చెయ్యి అందలేదు. ముందు సెల్లుల మీదికి వంగాలి. వంగి జగ్గు చాపితే నా కుడి పక్క సెల్లులకు ఆనింది. పక్కటెముకల కింద. సరిగ్గా అక్కడే.

ఏడుపు రాలేదు. రాదని కూడా తెలుసు. జగ్గులోంచి నీళ్లు సన్నగా పడుతున్నాయి, గీత దాకా రాగానే చెయ్యి దానంతటదే ఆగింది. ఆయన పోయినప్పటి నుంచీ ఎవరూ చెప్పకుండా నేను చేసిన పని అదొక్కటే.

"చెల్లె, చీర. కాటన్‌ది, ఉతికితే చిల్లులు పడ్తయి" అన్నాడు మెకానిక్.

"ఎరుకే" అని వరుస పూర్తి చేశాను. జగ్గు కింద పెట్టాక అడిగాను. "అన్నా, ఈ పనికి సదువు గావాల్నా?"

ఆయన పటం వైపు చూశాడు. "దాన్నిండ ఇంగ్లీషే. నాకు సుత సగం రాదు. ఆ పటం సంగతి మేం చూసుకుంటం. నీళ్లు పోసెటోళ్లకు చెయ్యి వణకొద్దు. నీది వణకలే."

దారిలో సంచి మరిదే మోశాడు. "వదినా, సదువు సంగతి ఎందుకడిగినవ్?" అన్నాడు చివరికి. "ఊకెనే" అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం బియ్యం కడుగుతూ చెప్పాను. "అత్తమ్మా, నౌకరీ నేనే చేస్త."

"లేసిందా పిచ్చి? మొగోళ్ల నడుమ యాసిడ్ల చెయ్యి పెడ్తవా? పిల్లనెవలు చూస్తరు?"

"నువ్వు చూస్తవు."

"నేను నీకు ఆయానా?"

"దానికి నాయనమ్మవు."

అత్తమ్మ లేచి బయట అరుగు మీదికి పోయింది. మరిది అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అంటే నేను సైకిళ్లకు గాలి కొట్టుకుంటనే ఉండాల్నా వదినా?" అన్నాడు. కోపంగా అనలేదు. అతను ఆశ పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, బిడ్డను భుజాల మీద తిప్పేవాడు. నేను బాధపడాల్సిన చోటు అది. బియ్యం ఎసట్లో పోశాను.

మర్నాడు పొద్దున బిడ్డకు జడ వేసి బడికి పంపాను. అత్తమ్మ దుప్పటి ముసుగు తీయలేదు. ఆఫీసుకు నడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మరిది అర్జీ పట్టుకుని వస్తున్నాడు. నేను ఆగలేదు, అతను పిలవలేదు.

బల్ల దగ్గర గుమాస్తా మరిది చేతిలోని కాగితం అందుకుని ఇంకు పెట్టె నా ముందుకు జరిపాడు.

"అది గాదు సార్. నా పేరు మీద రాయండి" అన్నాను.

గుమాస్తా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "చెయ్యగలవామ్మా? తర్వాత మార్చుడు కుదరదు."

"చేస్త."

అతను వేరే కాగితం తీసి రాశాడు. చదివి వినిపించమన్నాను. విసుక్కుంటూనే చదివాడు. నా పేరు, మా ఆయన పేరు, కేబిన్ పేరు వచ్చాయి, మరిది పేరు రాలేదు. ఇంకొకసారి చదవమని, విని, బొటనవేలు ఒత్తాను. మొదటిది చెదిరిపోతే పక్కన మళ్లీ ఒత్తించాడు.

మరిది తన అర్జీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. షాపు తెరిచే టైమైందని చెప్పి కార్ఖానా వైపు వెళ్లిపోయాడు. బల్ల పక్కన గోడ మీద అంతకు ముందు వచ్చినవాళ్ల వేళ్ల మరకలు చాలా ఉన్నాయి. నేనూ అక్కడే వేలు తుడుచుకుని ఇంటికి నడిచాను.