ఆయాసం లేని మిషను

లరంతుకా అనే రేవు ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్లు లైన్లు కలిపిన మర్సెలీనాను ఆటోమేటిక్ యంత్రమొచ్చి ఇంటికి తరిమింది. ఇప్పుడు చేపల సహకార సంఘంలో ఫోను లైను మీద డయల్ చేసి ఇంటర్నెట్ కలిపే కంప్యూటరు ప్రోగ్రామును ఆమే చూసుకుంటోంది. ఊరంతటికీ బయటికి పోయే లైన్లు నాలుగే. లైను దొరక్కపోతే వెంటనే మళ్లీ డయల్ చెయ్యమని ఇంజనీరు రాసిపోతే, ఆమె దాన్ని ఐదు నిమిషాలు ఆగమని మార్చింది.

మేనేజరు లాంబెర్తుస్ విసుక్కున్నాడు. "ఏంటక్కా ఈ నత్తనడక? మిషనుకేమైనా ఆయాసమా?"

"లేదనే కదా సార్ నా బాధ! ఇది ఆగకుండా కొడుతుంటే ఆస్పత్రికి లైనెప్పుడు దొరుకుద్ది?"

"దొరికితే వాళ్లొచ్చి నీకు దండేస్తారా?"

"ఇరవై రెండేళ్లు ఒక్కళ్లకీ నా మొహం తెలీదు సార్. కలపడం మానానా?"