పగులు వినే చెవి

బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ పేటలో మా పక్కింటి మావయ్య గుర్తొస్తే నాకు ముందు అసహ్యమే వేస్తుంది, ఆ తర్వాతే బెంగ. అక్కడి రైల్వే యార్డులో గూడ్సు బళ్ళ చక్రాల్ని సుత్తితో కొట్టి మోత వినడం ఆయన డ్యూటీ. మోత తేడాగా ఉంటే చక్రంలో పగులున్నట్టే; ఆ వ్యాగన్ మీద సుద్దతో 'సిక్', అంటే పాడైంది అని రాసి, బండి నుంచి కట్ చేయించేవాడు. పోనీలే వెళ్ళనీ అని ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా వినేవాడు కాదు. రిటైరయ్యాక కూడా గ్లాసునీ బల్లనీ వేలితో తట్టి చెవి ఒగ్గేవాడు.

ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటున్న రోజులవి. ఒక దేశమంటే ఆయనకి అభిమానం, రెండోదంటే మంట. ఆ రెండో దేశపు సైనికులు ఖైదీల్ని హింసించారని తెలిసిన రోజు, "ఆళ్ళ జాతే అంతరా, రక్తంలోనే ఉంది" అన్నాడు.

వారం తిరక్కుండా ఆయన మెచ్చిన దేశపు సైనికుల వీడియో వచ్చింది. చేతులు కట్టేసిన ఒక ముసలాయన చేత నేల నాకిస్తున్నారు. చుట్టూ నవ్వులు. ఇద్దరం ఆయన ఫోనులోనే చూశాం.

"ఒక్క డబ్బా సిక్కయితే బండంతా చెడ్డదయిపోద్దేటి?" అన్నాడు మావయ్య.

"అవదు మావయ్యా. కానీ ఆ డబ్బాని ఎవరు కట్ చేశారు? అందరూ నిలబడి నవ్వుతున్నారు కదా!"

"అచ్ఛా, యుద్ధమన్నాక ఇవన్నీ మామూలేరా" అంటూ వీడియో మళ్ళీ పెట్టాడు. బల్ల మీద వేలితో తడుతూ చెవి ఒగ్గాడు. ముప్పై ఏళ్ళు ఇనుములో పగులు పట్టుకున్న చెవి అది.

ఆ నవ్వులు వినబడగానే తనూ నవ్వాడు.